కంప్యూటరుకు అడ్రసు ఎవరిస్తారు? ఎవరు తీసేస్తారు?



మన హాస్టల్ కంప్యూటరు గదిలో పది కంప్యూటర్లున్నాయి. వాటిని చూసుకునే బాధ్యత డిగ్రీ చదువుతున్న మా అయిదుగురిది. పోయిన ఏడాది స్కాలర్‌షిప్ రెన్యువల్ దరఖాస్తుకు చివరి రోజు సాయంత్రం నాలుగో నంబరు కంప్యూటరులోనూ, ఏడో నంబరు కంప్యూటరులోనూ ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉంది. ఒక పేజీ తెరుచుకుంటుంది, తర్వాతి పేజీ తెరుచుకోదు. మిగతా వాటి ముందు అప్పటికే బారులు తీరి ఉన్నారు. ఏడో దాని ముందు కూర్చున్న పీజీ అన్న మూడుసార్లు వివరాలన్నీ నింపి, మూడుసార్లూ సబ్మిట్ నొక్కేసరికి పోగొట్టుకున్నాడు.

అంతకు కాసేపటి ముందు ఇంటర్ ఫస్టియర్ తమ్ముడొకడు కిందపడిన పెన్ను కోసం బల్ల కింద దూరడం మేము చూశాం. వైరు వాడే కదిపాడని తేల్చేశాం. అందరి ముందూ కేకలేశాం. "నేను ఏమీ ముట్టుకోలేదన్నా" అని వాడు చెబుతున్నా వినలేదు. పీజీ అన్న బజారులో నెట్ సెంటరుకు పరుగెత్తి రాత్రి తొమ్మిదింటికి దరఖాస్తు పూర్తి చేశాడు. ఆ తమ్ముడు మాత్రం మళ్ళీ కంప్యూటరు గది గుమ్మం తొక్కలేదు.

మూడు రోజుల తర్వాత, మన హాస్టల్లోనే చదివి ఇప్పుడు నెట్‌వర్క్ ఉద్యోగం చేస్తున్న ఒక అన్నకు ఫోను చేశాం. "ముందు పది కంప్యూటర్ల అడ్రసులూ కాగితం మీద రాయండ్రా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. రాశాం. నాలుగుకీ, ఏడుకీ ఎదురుగా ఒకే అంకె ఉంది: 192.168.1.12. నాలుగో దానిలో ఆ అడ్రసును వారం కిందట టైపు చేసింది మేమే. వైర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ రోజు మాకు తెలియనిదేమిటో తర్వాత కూర్చుని నేర్చుకున్నాం. నేర్చుకున్నది మీ అందరితో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

పుట్టుమచ్చ వేరు, గది నంబరు వేరు

మన టెన్త్ మెమోలో పుట్టుమచ్చలు రాస్తారు. అవి మనం ఏ ఊరు పోయినా మనతోనే వస్తాయి. హాస్టల్లో గది నంబరు అలా కాదు. వార్డెన్ సార్ రిజిస్టరులో రాస్తే మనది, కొట్టేస్తే మనది కాదు. కంప్యూటరుకు కూడా ఈ రెండూ ఉంటాయి.

నెట్‌వర్క్ కార్డుకు తయారీదారు వేసి పంపే నంబరును మ్యాక్ అడ్రసు అంటారు. అది 48 బిట్లు ఉంటుంది. అందులో మొదటి 24 బిట్లు సాధారణంగా తయారీదారు ఎవరో చెబుతాయి. ఇది పుట్టుమచ్చ వంటిది. రెండోది ఐపీ అడ్రసు. 1981లో ఖరారైన ఐపీ నాలుగో వెర్షనులో ఇది 32 బిట్లు. అంటే దాదాపు 429 కోట్ల అడ్రసులు సాధ్యం. 192.168.1.12 అని చుక్కలతో రాసుకునేది ఈ 32 బిట్లనే. ఇది గది నంబరు వంటిది.

192.168తో మొదలయ్యే అడ్రసులను 1994లో సొంత నెట్‌వర్కుల కోసం ప్రత్యేకంగా కేటాయించారు. అందుకే మన హాస్టల్లోనూ, పక్క వీధి నెట్ సెంటరులోనూ 192.168.1.12 ఉన్నా గొడవ లేదు. మన హాస్టల్లో 12వ నంబరు గది, పక్క హాస్టల్లో 12వ నంబరు గది ఉండటం లాంటిదే. ఒకే హాస్టల్లో రెండు 12లు ఉంటేనే చిక్కు.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఐపీ అడ్రసు కార్డు మీద ఎక్కడా రాసి ఉండదు. అది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్, తన మెమరీలో పెట్టుకున్న పట్టికలో ఒక వరుస మాత్రమే. కరెంటు పోతే ఆ పట్టిక పోతుంది. తిరిగి ఆన్ చేసినప్పుడు డిస్కులో రాసుకున్న సెట్టింగులు చూసో, ఇంకొకరిని అడిగో మళ్ళీ రాసుకుంటుంది.

ఇంకో సంగతి. అడ్రసు కంప్యూటరుకు అంటాం గానీ, నిజానికి దాన్ని ఇంటర్‌ఫేసుకు ఇస్తారు. వైరు పెట్టే కార్డు ఒక ఇంటర్‌ఫేసు, వైఫై ఇంకొకటి. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండూ పనిచేస్తుంటే రెండింటికీ వేర్వేరు అడ్రసులుంటాయి. ఏ కార్డూ లేకపోయినా 127.0.0.1 అని ఒక అడ్రసు ఉంటుంది. అది కంప్యూటరు తనతో తాను మాట్లాడుకోవడానికి.

చేత్తో ఇచ్చినప్పుడు లోపల జరిగేది

నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసుకు అడ్రసు ఇచ్చే పద్ధతికి ఒక రూపం ఇచ్చింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ వారి యూనిక్స్. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీలో ఇఫ్‌కాన్ఫిగ్ అనే కమాండు ఉంది. మనం అడ్రసు టైపు చేస్తే అది కెర్నెల్‌కు "ఈ ఇంటర్‌ఫేసుకు ఈ అడ్రసు పెట్టు" అని ఒక విన్నపం పంపేది. అప్పట్లో ఒక ఇంటర్‌ఫేసుకు ఒకే అడ్రసు. కొత్తది పెడితే పాతది చెరిగిపోయేది. కాబట్టి "తీసెయ్యి" అని విడిగా చెప్పాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

తర్వాత ఒకే ఇంటర్‌ఫేసుకు రెండు మూడు అడ్రసులు కావలసి వచ్చింది. ఒకే కంప్యూటరు మీద రెండు వెబ్‌సైట్లు నడపాలన్నా, పాత అడ్రసు వదలకుండా కొత్తదానికి మారాలన్నా ఇది అవసరం. అప్పుడు బీఎస్‌డీలో చేర్చడానికి ఒక విన్నపం, తొలగించడానికి ఇంకొక విన్నపం విడివిడిగా వచ్చాయి. లైనక్స్‌లో 1999 నాటి 2.2 కెర్నెల్‌తో నెట్‌లింక్ అనే కొత్త దారి, దాంతో మాట్లాడే ఐపీ అనే కమాండు వాడుకలోకి వచ్చాయి. ఇప్పటికీ లైనక్స్‌లో ఆ కమాండునే వాడుతున్నాం.

అడ్రసు ఇవ్వమని చెప్పగానే కెర్నెల్ చేసే పనులు ఇవి:

1. అడ్రసుల పట్టికలో ఆ ఇంటర్‌ఫేసు ఎదురుగా రాసుకుంటుంది.

2. "ఈ అడ్రసుకు వచ్చిన ఉత్తరం నాదే, ఇంకొకరికి పంపక్కరలేదు" అని గుర్తు పెట్టుకుంటుంది.

3. ఆ అడ్రసు పక్కనే ఇచ్చిన మాస్కును బట్టి ఇరుగుపొరుగు ఎవరో తేల్చుకుంటుంది. మన గదిలో మాస్కు 255.255.255.0 కనుక 192.168.1తో మొదలయ్యేవన్నీ ఇరుగుపొరుగే. వారికి నేరుగా పంపవచ్చని దారుల పట్టికలో ఒక దారి రాసుకుంటుంది.

4. అడ్రసు మారిందని, తెలుసుకోవాలని కోరిన ప్రోగ్రాములన్నింటికీ కబురు చేస్తుంది.

ఇరుగుపొరుగు కాని వారికి, అంటే బయటి ఇంటర్నెట్‌కు పోవాలంటే, డిఫాల్ట్ గేట్‌వే అనే ఇంకొక దారి కావాలి. మన గదిలో అది మోడెము అడ్రసు. అడ్రసు ఇచ్చినంత మాత్రాన ఈ దారి దానంతట అది రాదు, విడిగా చెప్పాలి. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

చేత్తో ఇచ్చిన అడ్రసు ఎంతకాలం ఉంటుందన్నది ఇచ్చిన పద్ధతిని బట్టి ఉంటుంది. విండోస్‌లో సెట్టింగుల కిటికీలో టైపు చేస్తే అది రిజిస్ట్రీలో చేరి, మళ్ళీ ఆన్ చేసినా ఉంటుంది. లైనక్స్‌లో ఐపీ కమాండుతో ఇచ్చింది కెర్నెల్ మెమరీలో మాత్రమే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే పోతుంది. నిలవాలంటే సెట్టింగుల ఫైలులో రాయాలి. "రాత్రి బాగానే పనిచేసింది, పొద్దున్నే ఎవరో పాడుచేశారు" అని మనం అనుకునే వాటిలో కొన్ని ఇలాంటివే. అక్కడ ఎవరూ ఏమీ పాడుచేసి ఉండరు.

అడిగి తెచ్చుకునే అడ్రసు

పది కంప్యూటర్లకు చేత్తో ఇవ్వవచ్చు. రెండు వందల ఫోన్లకు ఎవరిస్తారు? అందుకే డీహెచ్‌సీపీ అనే పద్ధతి ఉంది. 1985 నాటి బూట్‌పీ అనే పద్ధతిని పెంచి 1993లో దీన్ని తెచ్చారు. ఇప్పుడు వాడుతున్న రూపం 1997 నాటిది. మన గదిలో ఈ పని మోడెము చేస్తుంది.

కొత్తగా వచ్చిన కంప్యూటరుకు అడ్రసే లేదు కదా, ఎలా అడుగుతుంది? తన అడ్రసు 0.0.0.0 అని పెట్టుకుని, 255.255.255.255కు, అంటే అందరికీ వినబడేట్టు కేక వేస్తుంది. ఆ సంభాషణ నాలుగు మాటల్లో ముగుస్తుంది:

"ఇక్కడ అడ్రసులిచ్చేవారెవరైనా ఉన్నారా?"

"నేనున్నాను. 192.168.1.12 ఖాళీగా ఉంది, కావాలా?"

"అదే ఇవ్వండి."

"సరే, రాసుకున్నాను. ఇరవై నాలుగు గంటలు నీది."

ఈ చివరి మాటే అన్నిటికంటే కీలకం. అడ్రసు దానమివ్వలేదు, గడువు పెట్టి ఇచ్చారు. దీన్ని లీజు అంటారు. గడువు ఎంతో మోడెములో మనమే పెట్టుకోవచ్చు. మామూలుగా సగం గడువు గడవగానే కంప్యూటరు, ఇచ్చినవారినే "ఇంకొంత కాలం ఉంచుకోనా?" అని అడుగుతుంది. జవాబు రాకపోతే ఎనిమిదింట ఏడు వంతుల గడువు దాటాక ఎవరైనా సరే పొడిగించమని అందరినీ అడుగుతుంది. అప్పటికీ ఎవరూ పలకకపోతే, గడువు ముగిసిన క్షణాన ఆ అడ్రసు వాడటం మానెయ్యాలి. ఇది నియమం.

అసలు మొదటి కేకకే ఎవరూ పలకకపోతే? అప్పుడు విండోస్ 169.254తో మొదలయ్యే ఒక అడ్రసును తానే ఎంచుకుంటుంది. విండోస్ 98 నుంచి ఈ పద్ధతి ఉంది. కాబట్టి తెర మీద 169.254 అని కనబడితే "నేను అడిగాను, నాకు ఎవరూ ఇవ్వలేదు" అని కంప్యూటరు చెబుతోందని అర్థం చేసుకోవాలి. వైరూ మోడెమూ చూడాలి గానీ విండోస్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యక్కరలేదు. (మేము ఒకసారి చేశాం!)

ఇచ్చేముందు అడగాల్సిన ఒక ప్రశ్న

ఇప్పుడు మా 12వ నంబరు కథకు వద్దాం. ఒకే అడ్రసు ఇద్దరికి ఎలా వెళ్ళింది?

నాలుగో కంప్యూటరులో ఉబుంటు మళ్ళీ వేసినప్పుడు, తొందరగా అయిపోతుందని 192.168.1.12 అని మేము చేత్తో కొట్టాం. ఆ సంగతి మోడెముకు తెలియదు. దాని పుస్తకంలో 12 ఖాళీయే. తర్వాత ఏడో కంప్యూటరు అడ్రసు అడిగినప్పుడు నాలుగోది ఆఫ్ చేసి ఉంది. మోడెము నిశ్చింతగా 12 ఇచ్చేసింది. రెండూ ఒకేసారి ఆన్‌లో ఉన్న రోజున, అంటే గది నిండా జనం ఉన్న దరఖాస్తుల చివరి రోజున, తంటా బయటపడింది.

మోడెము ఒక ఉత్తరాన్ని 12కు పంపాలంటే ముందు "12 ఎవరు? మీ మ్యాక్ అడ్రసు చెప్పండి" అని అడుగుతుంది. ఈ పద్ధతి పేరు ఏఆర్‌పీ. 1982 నుంచి ఉంది. ఇద్దరు 12లు ఉంటే ఇద్దరూ "నేనే" అంటారు. మోడెము కాసేపు ఒకరి మ్యాక్ రాసుకుంటుంది, కాసేపటికి ఇంకొకరిది. పీజీ అన్న నింపిన ఫారానికి సర్వర్ నుంచి వచ్చిన జవాబు ఏడో దానికి బదులు నాలుగో దానికి చేరిందనుకోండి. నాలుగోది తన పట్టిక చూసుకుని "ఈ సంభాషణ నాది కాదు, ఆపేయండి" అని తిరుగు కబురు పంపుతుంది. దాంతో అన్న కనెక్షన్ తెగిపోతుంది. ఏ వైరూ కదలకుండానే ఇదంతా జరుగుతుంది.

దీన్ని ఆపడానికి తేలికైన ఉపాయం ఉంది. అడ్రసు వాడటం మొదలుపెట్టే ముందు "ఈ అడ్రసు ఎవరిదైనా ఉందా?" అని అందరినీ అడగడం. ఎవరైనా "నాది" అంటే వాడకూడదు. ఎలా అడగాలో, ఎన్నిసార్లు అడగాలో 2008లో ఒక ప్రమాణంగా రాశారు. విండోస్ ఇలా అడుగుతుంది, తగువు ఉంటే తెర మీద చెబుతుంది. లైనక్స్ కెర్నెల్ మాత్రం నాలుగో వెర్షను అడ్రసుల విషయంలో తానుగా ఈ ప్రశ్న అడగదు. పైన నడిచే ప్రోగ్రాములకు ఆ పని వదిలేసింది. ఆ ప్రోగ్రాము, దాని వెర్షను, దాని సెట్టింగు బట్టి కొన్నిచోట్ల అడుగుతారు, కొన్నిచోట్ల అడగరు. మా రెండు కంప్యూటర్లలోనూ అడగలేదు. తప్పు జరిగిందని ఒక్క మాట కూడా తెర మీద రాలేదు. కంప్యూటరు చెప్పలేదు కనుక మనిషిని పట్టుకున్నాం.

తీసెయ్యడంలో ఉన్న తంటా

అడ్రసు ఇవ్వడం నాలుగు పనులైతే, తీసెయ్యడం అంటే ఆ నాలుగు పనులనూ వెనక్కి చెయ్యడం. పట్టికలో వరుస కొట్టెయ్యాలి. "నాదే" అన్న గుర్తు చెరపాలి. దాని ఆధారంగా రాసుకున్న దారులు తీసెయ్యాలి. ప్రోగ్రాములకు కబురు చెయ్యాలి. చెప్పినంత తేలిక కాదిది. ఎందుకంటే అడ్రసు ఇచ్చేనాటికి దాన్ని ఎవరూ వాడుతూ ఉండరు. తీసేసేనాటికి వాడేవారుంటారు.

ఒక డౌన్‌లోడు జరుగుతోందనుకోండి. ఆ కనెక్షన్‌ను గుర్తించేవి నాలుగు అంకెలు: మన అడ్రసు, మన పోర్టు, అవతలి అడ్రసు, అవతలి పోర్టు. మధ్యలో మన అడ్రసు తీసేస్తే ఆ నాలుగింటిలో ఒకటి పోయినట్టే. కొత్త అడ్రసు ఇచ్చినా పాత కనెక్షన్ దాని మీదికి మారదు. లైనక్స్‌లో అయితే ఆ కనెక్షన్ వెంటనే చావదు. జవాబుల కోసం ఎదురుచూస్తూ వేలాడుతుంది. కొద్దిసేపట్లో అదే అడ్రసు తిరిగి ఇస్తే మళ్ళీ కొనసాగవచ్చు కూడా. ఆలస్యమైతే గడువు ముగిసి తెగిపోతుంది.

మేము చేసి చూసి నేర్చుకున్న నాలుగు సంగతులు చెబుతాం.

మొదటిది. ఇంటర్‌ఫేసును ఆపడం, అడ్రసు తీసెయ్యడం ఒకటి కాదు. లైనక్స్‌లో ఇంటర్‌ఫేసును డౌన్ చేస్తే నాలుగో వెర్షను అడ్రసు పట్టికలో అలాగే ఉంటుంది, దారులు పోతాయి. తిరిగి అప్ చేస్తే ఇరుగుపొరుగు దారి వస్తుంది. చేత్తో రాసిన డిఫాల్ట్ గేట్‌వే మాత్రం తిరిగి రాదు. ఉన్న ఒక్క అడ్రసునూ తీసి మళ్ళీ పెట్టినా అంతే. "పక్క కంప్యూటరు పలుకుతోంది, బయటి ఇంటర్నెట్ రావడం లేదు" అన్నప్పుడు ముందు ఈ దారి ఉందో లేదో చూడాలి.

రెండోది. లైనక్స్‌లో ఒకే ఇంటర్‌ఫేసుకు, ఒకే వరుసలోని రెండు మూడు అడ్రసులిస్తే, మొదట ఇచ్చినది పెద్దది, మిగతావి దాని చాటువి. పెద్దదాన్ని తీసేస్తే చాటువన్నీ దానితోపాటే పోతాయి. పెద్దది పోతే తర్వాతి దానికి పెద్దరికం ఇవ్వమని చెప్పే సెట్టింగు ఒకటుంది. సిస్టమ్‌డీ వాడే చాలా లైనక్స్‌లలో దాన్ని ఆన్ చేసే ఉంచుతున్నారు. లేనిచోట మాత్రం ఒకటి తీయబోతే మూడు పోతాయి.

మూడోది. వైరు పీకితే ఏమవుతుంది? విండోస్ ఆ ఇంటర్‌ఫేసు మీది అడ్రసును పక్కన పెట్టేసి "మీడియా డిస్‌కనెక్టెడ్" అంటుంది. లైనక్స్ కెర్నెల్ ఒక్కటే అయితే అడ్రసు ముట్టుకోదు. పైనున్న నెట్‌వర్క్ మేనేజరు వంటి ప్రోగ్రాము కాస్త చూసి తీసేస్తుంది. ఒకే పనికి రెండు కంప్యూటర్లు రెండు రకాలుగా స్పందిస్తే ఒకటి చెడిపోయిందని కాదు.

నాలుగోది. దూరాన ఉన్న కంప్యూటరులోకి నెట్‌వర్కు ద్వారా లాగిన్ అయి దాని అడ్రసు తీయకండి. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. ముందు కొత్త అడ్రసు చేర్చి, దాని ద్వారా మళ్ళీ లాగిన్ అయి, అప్పుడు పాతది తీయాలి.

తిరిగి ఇవ్వని అడ్రసులు

లీజుకు తెచ్చుకున్న అడ్రసును గడువుకు ముందే తిరిగి ఇచ్చే మర్యాద కూడా డీహెచ్‌సీపీలో ఉంది. "నా పని అయిపోయింది, 12 మీరు తీసుకోండి" అని చెప్పే మాటను రిలీజ్ అంటారు. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ కమాండుకు రిలీజ్ అని జోడిస్తే ఇదే జరుగుతుంది. రెన్యూ అంటే మళ్ళీ అడుగుతుంది.

కానీ నిత్యజీవితంలో ఎవరూ చెప్పరు. జేబులో ఫోనుతో గేటు దాటి కాలేజీకి వెళ్ళిపోతాం. ఫోను వీడ్కోలు చెప్పకుండానే వైఫై అందని దూరం పోతుంది. మోడెము పుస్తకంలో ఆ అడ్రసు గడువు తీరేదాకా మన పేరు మీదే ఉంటుంది. సెలవులకు ఊరెళ్ళినవాడి మంచం ఖాళీగా ఉన్నా రిజిస్టరులో వాడి పేరు ఉన్నట్టే.

192.168.1 వరుసలో వాడదగినవి 254 అడ్రసులే. మోడెములో పంచడానికి పెట్టినవి ఇంకా తక్కువ ఉండవచ్చు. ఇప్పటి ఫోన్లు భద్రత కోసం నిజమైన మ్యాక్ అడ్రసు దాచి, తాత్కాలికంగా ఒకటి తయారు చేసుకుంటాయి. అది మారితే మోడెము కొత్త ఫోను వచ్చిందనుకుని ఇంకొక అడ్రసు ఇస్తుంది. అందుకే ఒక్కొక్క ఆదివారం సాయంత్రం ఊళ్ళ నుంచి అందరూ తిరిగి వచ్చేసరికి కొందరి ఫోన్లకు వైఫై గుర్తు కనబడుతుంది గానీ ఇంటర్నెట్ రాదు. అడ్రసులు అయిపోయాయన్నమాట. వార్డెన్ సార్ అనుమతితో మేము లీజు గడువు ఇరవై నాలుగు గంటల నుంచి రెండు గంటలకు తగ్గించాం. వెళ్ళిపోయిన వారి అడ్రసులు త్వరగా ఖాళీ అయి, ఆ బాధ తగ్గింది. కొత్త మోడెము కొనే పని పడలేదు.

ఫైనలియర్ వారికిచ్చే గౌరవం

ఐపీ ఆరో వెర్షనులో అడ్రసు 128 బిట్లు ఉంటుంది. అడ్రసులు ఎక్కువ కావడం ఒక్కటే కాదు, ఇవ్వడం తీసెయ్యడం గురించి కూడా అందులో బాగా ఆలోచించారు. 2007 నాటి ప్రమాణం ప్రకారం ఒక అడ్రసు నాలుగు దశలు దాటుతుంది.

మొదటి దశలో అది ఇంకా అభ్యర్థి మాత్రమే. "ఈ అడ్రసు ఎవరిదైనా ఉందా?" అని అడిగి, ఎవరూ పలకకపోతేనే చేర్చుకుంటారు. ఈ ప్రశ్న లైనక్స్ కెర్నెల్ కూడా తానే అడుగుతుంది. రెండో దశలో అది పూర్తి హక్కులున్న అడ్రసు. మూడో దశలో దానికి వయసు మళ్ళుతుంది. అప్పటికే నడుస్తున్న కనెక్షన్లను కొనసాగిస్తుంది గానీ, ఇంకొక మంచి అడ్రసు ఉండగా కొత్త కనెక్షన్లకు దాన్ని వాడరు. నాలుగో దశలో గడువు పూర్తయి తొలగిపోతుంది. ఈ గడువులు రెండు. రూటరు వేరుగా చెప్పకపోతే మొదటిది 7 రోజులు, రెండోది 30 రోజులు అని ప్రమాణంలో ఉంది. రూటరు అప్పుడప్పుడూ కబురు పంపుతూ ఆ గడువులను మళ్ళీ మొదటికి తెస్తుంటుంది.

ఈ మూడో దశ మాకెంతో నచ్చింది. ఫైనలియర్ అన్నలను పరీక్షల మధ్యలో "గది ఖాళీ చెయ్యి" అనము. వారి పరీక్షలు వారిని రాసుకోనిస్తాం. ఆ గదిలో కొత్తవారిని మాత్రం చేర్చం. పని పూర్తయ్యాక పెట్టె సర్దుకుని వెళ్తారు. అడ్రసును తీసెయ్యడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

గదిలో మేము పెట్టుకున్న పద్ధతి

కంప్యూటరు గది గోడ మీద ఇప్పుడొక చార్టు ఉంది. కమాండ్ల ఇంగ్లీషు స్పెల్లింగులన్నీ అందులో రాసి ఉంచాం. ఇంటర్నెట్ రాకపోతే ఈ వరుసలో చూడండి:

1. ముందు అడ్రసు చూడండి. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్, లైనక్స్‌లో ఐపీ కమాండు చాలు. చూసినంత మాత్రాన ఏదీ పాడవదు. భయపడకండి.

2. 169.254 అని ఉంటే, అడ్రసు ఇచ్చేవారు పలకలేదు. వైరు, స్విచ్చి, మోడెము చూడండి.

3. అడ్రసు సరిగానే ఉంటే, డిఫాల్ట్ గేట్‌వే ఉందో లేదో చూడండి.

4. వస్తూ పోతూ ఉంటే, అదే అడ్రసు ఇంకెవరికైనా ఉందేమో నోటుపుస్తకంలో చూడండి.

5. చేత్తో అడ్రసు ఇచ్చేపనైతే 200 పైన ఉన్నది ఇవ్వండి. మోడెము 2 నుంచి 199 వరకే పంచేట్టు పెట్టాం. ఇచ్చిన రోజు, కంప్యూటరు నంబరు, మీ పేరు పుస్తకంలో రాయండి. తీసేసినప్పుడు కూడా రాయండి. ఆ రోజు మేము రాయనిది ఇదే.

6. ఈ అయిదూ చూసేదాకా ఎవరి మీదా నేరం మోపకండి.

ఆరో నియమం కంప్యూటర్లకు కాదు, మాకు. ఆ తమ్ముడి గదికి మేము అయిదుగురం వెళ్ళి జరిగింది చెప్పాం. తప్పు మాదని ఒప్పుకున్నాం. కానీ వాణ్ని తిట్టింది అందరి ముందు. గదిలో చెప్పుకున్న క్షమాపణ దానికి సరిపోదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో, అప్పుడు అక్కడున్నవారూ లేనివారూ అందరూ చదివేట్టు రాస్తున్నాం: ఆ రోజు తప్పు ఆ తమ్ముడిది కాదు, మాది.

వాడు ఇప్పుడు సెకండియర్. పోయిన నెలలో ఒకరోజు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఆ చార్టు చదివాడు. "అన్నా, 127.0.0.1 ఎవరిస్తారు? దాన్ని తీసెయ్యొచ్చా?" అని అడిగాడు. లోపలికి రమ్మని ఏడో నంబరు కంప్యూటరు ముందు కూర్చోబెట్టాం. లైనక్స్‌లో తీసెయ్యవచ్చు. తీసి చూశాడు. తనతో తాను మాట్లాడుకునే ప్రోగ్రాములు ఆగిపోయాయి. మళ్ళీ పెట్టాడు, పనిచేశాయి. నోటుపుస్తకంలో తేదీ వేసి, తీసినదీ పెట్టినదీ రెండూ రాసి సంతకం చేశాడు.